అయిదు రోజుల ఫౌజు, అయిదేళ్ళ దళం

1948 సెప్టెంబర్‌లో తెలంగాణ నేల మీద ఎదురుపడ్డ సైన్యాలు రెండే అనుకుంటాం. నిజానికి మూడు. వాటిని ఎవరు నడిపారు? ఎవరి మాట ఎంత దూరం చెల్లింది?

ఖమ్మం నుంచి మరిపెడ, తొర్రూరు మీదుగా వరంగల్ పోయే రోడ్డు తిరుమలాయపాలెం మండలాన్ని దాటుకుంటూ పోతుంది. ఇక్కడి నుంచి నేరుగా దక్షిణానికి నలభై, యాభై కిలోమీటర్లు దిగితే కోదాడ. నైరుతికి దాదాపు అంతే దూరంలో సూర్యాపేట. ఈశాన్యంగా ఇల్లెందు, ఆ పైన పాల్వంచ, ఇంకా పోతే గోదావరి, ఆవలి ఒడ్డున భద్రాచలం. ఒక దిక్కు ట్యాంకులు పరుగెత్తిన రాదారి, ఇంకో దిక్కు ట్యాంకుకు తోవ దొరకని అడవి. పిండిప్రోలు, సుబ్లేడు, బీరోలు, కాకరవాయి లాంటి ఊళ్ళన్నీ ఈ రెండింటి నడుమ పడి ఉన్నాయి. 1948 సెప్టెంబర్‌లో అయిదు రోజుల్లోనే రెండు శతాబ్దాల ఆసఫ్‌జాహీ రాజ్యం కూలిపోయింది. ఆ తర్వాత మూడేళ్ళ పాటు ఇదే నేల మీద ఇంకో యుద్ధం నడిచింది. మొదటి దాన్ని ‘పోలీసు చర్య’ అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. రెండోది మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోట విన్నాం. రెండింటినీ కలిపి, ఒక సైన్యం ఎట్లా నడుస్తుంది, ఎక్కడ విరుగుతుంది అని చూసినవాళ్ళు తక్కువ.

తుపాకుల లెక్క చూస్తే ఈ కథ అంతుపట్టదు. నిజాం ఫౌజుకు సాయుధ శకటాలున్నాయి, ఫిరంగులున్నాయి. అది అయిదు రోజులకే చేతులెత్తేసింది. వడిసెలతో, భర్మారుతో మొదలైన కమ్యూనిస్టుల దళం, ఆ ఫౌజును ఓడించిన భారత యూనియన్ సైన్యం ముందు మూడేళ్ళు నిలబడింది. ఆజ్ఞ ఎవరి నోటి నుంచి వచ్చింది, దాన్ని ఎవరు తలకెత్తుకున్నారు, కబురు ఎటు నుంచి ఎటు నడిచింది అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటేనే ఈ తేడా అర్థమవుతుందని నేను నమ్ముతున్నాను.

నిజాం కొలువులో నాలుగు తలలు

హైదరాబాద్ సంస్థాన సైన్యానికి అధిపతి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్. ఆయన కింద సుమారు 24 వేల మంది. అందులో పూర్తి శిక్షణ, సరైన ఆయుధాలు ఉన్నవాళ్ళు 6 వేలకు మించరు. మూడు సాయుధ శకటాల రెజిమెంట్లు, ఒక గుర్రపు దళం, పదకొండు పదాతి బెటాలియన్లు, కొంత ఫిరంగి దళం ఉన్నాయి. వీటికి తోడు సర్ఫెఖాస్, పాయగా, అరబ్ దళాల వంటి పాత కాలపు పటాలాలు ఉన్నాయి. కాగితం మీద చూస్తే ఇది ఒక సైన్యమే. 82 వేల చదరపు మైళ్ళ సంస్థానానికి నాలుగు దిక్కులా యూనియన్ భూభాగమే ఉన్నప్పుడు, అంత పొడవు సరిహద్దును ఈ మాత్రం బలంతో కాయడం ఎవరి తరమూ కాదు. ఏ ఊరు వదిలేయాలి, ఏ వంతెన దగ్గర నిలబడాలి అన్నది సేనాని తేల్చుకోవాలి. ఆ పని చేయాలంటే రాజ్యంలో ఆయుధం పట్టిన ప్రతివాడూ ఆయన మాట వినాలి.

అక్కడే వచ్చింది చిక్కు. రజాకార్లు ఎద్రూస్ మాట వినరు. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ వాళ్ళ నాయకుడు. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పగ్గాలు ఆయన చేతికొచ్చాక ఈ దండు పెరుగుతూ పోయింది. రెండు లక్షల మంది అని చెప్పుకునేవారు. అందులో నలుగురిలో ఒకడి చేతిలోనే పనికొచ్చే తుపాకీ ఉండేది, మిగతావాళ్ళవి కత్తులు, పాతకాలపు భర్మార్లు. పోలీసులు దీన్ యార్ జంగ్ కింద. ప్రధాని మీర్ లాయక్ అలీ తన దారిన తాను ఆయుధాలు తెప్పించే ఏర్పాట్లు చూసుకున్నాడు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు తెచ్చి దింపింది ఆ రోజుల్లోనే. అందరికీ పైన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆయన ఒకరోజు ఢిల్లీతో సంధి మాటలు ఆడించేవాడు, ఇంకోరోజు రజ్వీని చూసీచూడనట్టు వదిలేసేవాడు.

ఒక రాజ్యంలో ఆయుధాలు నాలుగు చేతుల్లో ఉండి, ఆ నాలుగు చేతులూ ఒకే బుర్ర మాట విననప్పుడు శత్రువు వచ్చేదాకా కూడా ఆగనక్కరలేదు. ఊరి మట్టంలో చూస్తే ఇది ఇంకా బాగా కనపడుతుంది. ఊళ్ళో పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ ఉంటారు. తాలూకాలో అమీను, తహశీల్దారు. గడీలో దొర. రజాకార్ల క్యాంపులో సాలారు. సంగం (ఊళ్ళో ఆంధ్ర మహాసభ) వాళ్ళ మీద దాడికి పోయేటప్పుడు వీళ్ళంతా ఒకటే. ఎవరి ఇల్లు తగలబెట్టాలో గడీ చెబితే సాలారు తగలబెట్టేవాడు, అమీను పంచనామా రాసుకునేవాడు. ఆ ఊరి వాడు ఆ తర్వాత సర్కారుకు నిజమైన కబురు ఒక్కటైనా ఎందుకు చెబుతాడు? 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ దాకా వచ్చేసరికి పల్లెకూ సర్కారుకూ మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. సైన్యానికి కళ్ళూ చెవులూ పల్లెటూరే. నిజాం ఫౌజు తన కళ్ళు తానే పొడుచుకుని సరిహద్దుకు వెళ్ళి నిలబడింది.

గోడార్డ్ పథకం

యూనియన్ వైపు బొమ్మ వేరు. సదరన్ కమాండ్ అధిపతిగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ ఇ.ఎన్. గోడార్డ్ దాడి పథకం ముందే గీసిపెట్టాడు. తూర్పున విజయవాడ నుంచి ఒకటి, పడమట షోలాపూర్ నుంచి ఒకటి, ఇవి రెండు ప్రధాన దెబ్బలు. మిగిలిన సరిహద్దు పొడవునా చిన్న దళాలు నిజాం ఫౌజును ఎక్కడికక్కడ కట్టిపడేయాలి. గోడార్డ్ వెళ్ళాక ఆ కుర్చీలోకి లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహ్‌జీ వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్ల చుట్టివేతను ఛేదించుకుని బయటపడి డీఎస్‌ఓ పతకం పొందినవాడు. మనిషి మారినా పథకం మారలేదు. అధికారి వెళ్ళిపోతే ఫైలు మూలనపడే చోట్ల ఇటువంటిది అరుదు.

షోలాపూర్ వైపు మేజర్ జనరల్ జయంతో నాథ్ చౌధురి. ఆయన తన బలగాన్ని నాలుగు ముక్కలు చేశాడు. స్ట్రైక్ ఫోర్స్‌లో వేగంగా కదిలే పదాతి, అశ్విక, తేలిక ఫిరంగి దళాలు. స్మాష్ ఫోర్స్‌లో ట్యాంకులు, ఫిరంగులు. కిల్ ఫోర్స్‌లో పదాతి దళం, ఇంజినీర్లు. వీర్ ఫోర్స్‌లో పదాతి దళం, ట్యాంకు విధ్వంసకులు, ఇంజినీర్లు. ఎవరి పని ఏమిటో పేరులోనే తెలిసేటట్టు పెట్టారు. ఒక్క సంగతి గమనించండి: వెనక ఉన్న దళాల్లో ఇంజినీర్లున్నారు. నదులూ వాగులూ దాటాల్సిన దారి మీద వంతెన విరిగితే బాగుచేసేవాడు వెంట లేకపోతే ట్యాంకు ఇనుప పెట్టెతో సమానం.

విజయవాడ వైపు దండును మేజర్ జనరల్ అజిత్ అనిల్ రుద్రకు అప్పగించారు. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ ప్రిన్సిపాల్ సుశీల్ కుమార్ రుద్ర కొడుకు. చదువుకోవడానికి ఇంగ్లండ్ వెళ్ళి, మొదటి ప్రపంచ యుద్ధంలో మామూలు సిపాయిగా చేరి, ఫ్రాన్స్ కందకాల్లో పోరాడాడు. ఆయన కింద 2/5 గూర్ఖా రైఫిల్స్, పూనా హార్స్‌గా పేరున్న 17వ అశ్విక రెజిమెంట్ నుంచి ఒక స్క్వాడ్రన్, 19వ ఫీల్డ్ బ్యాటరీ నుంచి ఒక ఫిరంగి ట్రూప్, ఇంజినీర్లు ఉన్నారు. పడమటి దండుతో పోలిస్తే చిన్నదే. దారులు కాచడానికి, రైలు మార్గాన్ని, సరఫరాను చూసుకోవడానికి వేరే నాలుగు బెటాలియన్లు. పూణే నుంచి ఎగిరే రెండు స్క్వాడ్రన్ల టెంపెస్ట్ విమానాలు పై నుంచి సాయం.

సైన్యాధ్యక్షుడు జనరల్ రాయ్ బుచర్‌కు ఈ దాడి ఇష్టం లేదు. కశ్మీర్‌లో యుద్ధం నడుస్తుండగా ఇంకో రంగం తెరవడం ముప్పు అని ఆయన అభ్యంతరం. సర్దార్ పటేల్ ఆగలేదు. జిన్నా సెప్టెంబర్ 11న చనిపోయాడు, 13 తెల్లవారుజామున దండు కదిలింది. అభ్యంతరం ఉన్న మాట నిజమే, నిర్ణయం జరిగాక దాని దారికి ఎవరూ అడ్డం పడలేదన్నదీ నిజమే. పై నుంచి కిందిదాకా ఒకే దారం. హైదరాబాద్‌లో లేనిది అదే.

కోదాడ నుంచి మూసీ దాకా

తూర్పు రంగంలో మొదటి రోజు దెబ్బ తగిలింది నిజాం లాన్సర్లకు. 2వ, 4వ హైదరాబాద్ లాన్సర్లు హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ శకటాలతో ఎదురు నిలిచారు. గట్టిగానే పోరాడారు. అయినా ఉదయం ఎనిమిదిన్నరకు రుద్ర దండు కోదాడ చేరింది. మధ్యాహ్నానికి మునగాల.

మునగాల పేరు దగ్గర కాసేపు ఆగాలి. మునగాల పరగణా నిజాం రాజ్యం మధ్యలో ఉన్నా నిజాంది కాదు. అది మద్రాసు రాష్ట్రం కృష్ణా జిల్లా కింద ఉండేది. చుట్టూ నైజాం, నడుమ ఇంగ్లీషు ఏలుబడి. అటు నందిగామ పక్కన పరిటాల దీనికి తిరగబడ్డ బొమ్మ, మద్రాసు గడ్డ మీద నిజాం ముక్క. ఇటువంటి సరిహద్దు గీతలు సైన్యాలకు తలనొప్పి, తప్పించుకు తిరిగేవాడికి వరం. సంగం కార్యకర్తలు నైజాం పోలీసులు తరిమితే ఆ గీత దాటి మునగాల పరగణాలోకో, నందిగామ సరిహద్దు ఊళ్ళలోకో పోయి ఊపిరి తీసుకునేవాళ్ళు. కృష్ణా జిల్లా సరిహద్దు శిబిరాల నుంచే నల్గొండ, ఖమ్మం దళాలకు సరుకూ ఆయుధాలూ చేరాయి. రుద్ర దండు మొదటి మధ్యాహ్నం చేరుకున్న చోటు అదే గీత మీద ఉంది.

సూర్యాపేట రక్షణ కోటలను టెంపెస్ట్ విమానాలు ముందే చితక్కొట్టాయి. 15వ తేదీన గూర్ఖాలు ఊళ్ళోకి వచ్చినప్పుడు కొంతమంది రజాకార్లు ఇంకా కాల్పులు జరుపుతూనే ఉన్నారు. ఆ సాయంత్రం జరిగిన ఒక్క పని చూస్తే ఎద్రూస్ సైన్యం ఎట్లా నడిచిందో తెలిసిపోతుంది. వెనక్కి తగ్గుతున్న నిజాం ఫౌజు మూసీ మీది వంతెనను పేల్చేసింది. చేయాల్సిన పనే. కానీ వంతెన కూల్చినప్పుడు దానికి ఎదురుగా ఒడ్డు మీద తుపాకులు పెట్టి, బాగుచేయడానికి వచ్చేవాణ్ణి దగ్గరికి రానివ్వకూడదు. యుద్ధ విద్యలో ఇది మొదటి పాఠం. మూసీ ఒడ్డున అటువంటి కాపలా ఎవరూ పెట్టలేదు. యూనియన్ ఇంజినీర్లు ఎవరి కాల్పులూ లేకుండా వంతెన మరమ్మతు చేసుకుని బండ్లు దాటించారు. పేల్చే ఆజ్ఞ వచ్చింది, దాని వెనక నిలబడే ఆజ్ఞ రాలేదు. వచ్చినా దాన్ని వినే మనిషి అక్కడ లేడు.

నార్కట్‌పల్లి దగ్గర రజాకార్ల గుంపు ఒకటి ఎదురుపడి నాశనమైంది. వాళ్ళకు ఫిరంగి లేదు, విమానం లేదు, పక్కన ఫౌజు లేదు. ప్రసంగాలు విని ముందుకొచ్చిన కుర్రాళ్ళు. వాళ్ళను అక్కడ నిలబెట్టింది ఏ సైనిక పథకమూ కాదు. 17వ తేదీకి తూర్పు దండు చిట్యాల చేరింది, అక్కడి నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు కూడా లేదు. పడమటి దండు నల్దుర్గ్, జహీరాబాద్ మీదుగా వచ్చేస్తోంది. ఆ సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18వ తేదీన ఎద్రూస్ జనరల్ చౌధురి ముందు లొంగిపోయాడు. చౌధురి సైనిక గవర్నర్ అయ్యాడు.

ఆ రోజుల గెలుపు సంబరంలో కనపడని చీకటి ఇంకొకటుంది. దండు వెళ్ళాక పడమటి జిల్లాల్లో, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు, ముస్లింల మీద ఊచకోతలు జరిగాయి. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులే పాలుపంచుకున్నారని కూడా రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటకు రాలేదు. ఒక సైన్యం ఆజ్ఞ ప్రకారం నడిచింది అని మెచ్చుకున్నప్పుడు, ఆ ఆజ్ఞ ఎవరిని కాపాడలేకపోయిందో కూడా చెప్పి తీరాలి.

మూడో సైన్యం

ఇక ఈ రెండింటి నడుమ ఉన్నవాళ్ళ సంగతి.

1944లో భువనగిరి సభలో ఆంధ్ర మహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. 1945లో పన్నెండో మహాసభ ఖమ్మంలోనే జరిగింది. ఊరూరా సంగం పుట్టింది. వెట్టి చేయం, నాగులు ఇవ్వం, లెవీ ధాన్యం పోయం అన్న మాటలతో మొదలైంది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దొర గూండాల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాక కర్ర పట్టుకోవడం మొదలైంది. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురూ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

ఆ సైన్యం కట్టిన తీరు ఎక్కడా యుద్ధ కళాశాలలో నేర్పేది కాదు. అడుగున గ్రామ దళం. ఊరి వాళ్ళే. పగలు నాగలి, రాత్రి కాపలా. దొర వస్తున్నాడా, పోలీసు లారీ వస్తోందా అని చూసేది వాళ్ళే, బాటలు తవ్వి బండ్లు ఆపేది వాళ్ళే. దాని పైన గెరిల్లా దళం. ఇల్లూ వాకిలీ వదిలి పూర్తికాలం తిరిగేవాళ్ళు. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం గ్రామ దళాల్లో దాదాపు 10 వేల మంది, గెరిల్లా దళాల్లో 2 వేల మంది ఉన్నారు. 3 వేల గ్రామాలు, 30 లక్షల జనం వీళ్ళ అదుపులోకి వచ్చారు. 10 లక్షల ఎకరాల భూమి పంచారు. దళం పైన జోన్, ఏరియా కమిటీలు, ఆపైన ప్రాంతీయ కమిటీ, అన్నిటికీ పైన ఆంధ్ర రాష్ట్ర పార్టీ నాయకత్వం.

ఇందులో నన్ను కట్టిపడేసేది ఊరి కమిటీ. సైన్యానికి తిండి ఎవరు పెట్టాలి, గాయపడ్డవాణ్ణి ఏ ఇంట్లో దాచాలి, పంచిన భూమిని ఎవరు దున్నాలి, తగాదా వస్తే ఎవరు తీర్చాలి అన్నవన్నీ ఒకే కమిటీ చూసేది. అంటే సైనిక ఆజ్ఞ, పొలం పంపకం ఒకే గొంతులోంచి వచ్చేవి. నిజాం ఊరికి ఒక అమీను, ఒక దొర, ఒక సాలారు, ముగ్గురూ మూడు పనులు చెప్పేవాళ్ళు. ఇక్కడ కమాండర్ చెప్పిన మాట వినడం వల్ల రైతు చేతికి నేల వచ్చింది. ఆ నేలను కాపాడుకోవడానికి రైతు కమాండర్ చెప్పని పనులు కూడా చేశాడు.

కబురు నడిచే తీరు చూడండి. దళంలో వైర్‌లెస్ లేదు. కొరియర్లు నడిచి, చిన్న చీటీ మీద రాసిన ఉత్తరాన్ని బట్టల్లో మడిచి పెట్టుకుని పోయేవాళ్ళు. గొర్రెలు కాసేవాడు, చాకలి, అడవిలో కట్టెలు ఏరుకునే ఆడమనిషి ఎవరైనా కొరియరే. ఎవరికీ తర్వాతి షెల్టరు తప్ప పై షెల్టరు తెలియదు. ఒకడు పట్టుబడితే దారం అక్కడే తెగి, మిగతాది నిలిచేటట్టు పెట్టారు. వడిసెల పట్టిన ఆడవాళ్ళు, నీళ్ళలో కారం కలిపి పోసినవాళ్ళు, రోకళ్ళతో నిలబడ్డవాళ్ళు ఈ సైన్యంలో చివరి వరుస కాదు, మొదటి వరుసే. పదహారు, పదిహేడేళ్ళ మల్లు స్వరాజ్యం తన అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి దళాలతో తిరిగి, తర్వాత రాజక్క పేరుతో గోదావరి అడవుల్లో పనిచేసింది. సర్కారు ఆమె తల మీద పదివేల రూపాయల ఇనాం పెట్టింది.

నిజాం ఫౌజు అయిదు రోజుల్లో కూలిపోవడంలో ఈ మూడో సైన్యం పాత్ర ఎంత? నా లెక్కలో చాలా ఎక్కువ. విజయవాడ-హైదరాబాద్ రాదారికి రెండు పక్కలా నల్గొండ, వరంగల్ జిల్లాల పల్లెలు 1948 నాటికి సర్కారు చేతిలో లేవు. అప్పుడు ఖమ్మం కూడా వరంగల్ జిల్లాలో తాలూకానే. పోలీసుల్ని, రజాకార్లను, ఫౌజులో కొంత భాగాన్ని ఏడాదిపైగా ఈ పల్లెలు తిప్పితిప్పి అలగ్గొట్టాయి. వెనక ఊరు లేని ఫౌజు ముందుకు ఎంత దూరం చూడగలదు?

అదే సైన్యం, ఇప్పుడు ఇటు తిరిగింది

యూనియన్ మిలటరీ వచ్చిన రోజు పల్లెలు పండగ చేసుకున్నాయి. కొన్ని వారాలు గడిచేసరికి అదే మిలటరీ దళాల మీదికి తిరిగింది. ఇక్కడి నుంచి కథ మళ్ళీ కొత్తది.

మైదానంలో దళానికి నిలువ నీడ లేదు. జీపులున్నాయి, వైర్‌లెస్ ఉంది, ఒక్కో తాలూకాలో వందల మంది సైనికులు దిగారు. అప్పటిదాకా పెద్ద గుంపులుగా తిరిగిన దళాలు ముగ్గురు, అయిదుగురు మనుషుల చిన్న ముక్కలుగా విడిపోయాయి. పెద్ద దళానికి ఒక ఊరు అన్నం పెట్టలేదు, చిన్న దళానికి ఒక ఇల్లు చాలు. కొన్ని దళాలు కృష్ణ దాటి నల్లమల పోయాయి. మిగతావి మనవైపు, మానుకోట, ఇల్లెందు, పాల్వంచ అడవుల మీదుగా గోదావరి దాకా చేరాయి. తిరుమలాయపాలెం చుట్టుపక్కల పొలాలూ గుట్టలూ ఆ అడవి వైపు పోయే తోవల మీదే ఉన్నాయి. వాగుల వెంట ఒక రాత్రి నడిస్తే మైదానం దాటి అడవి మొదలవుతుంది.

గోదావరి అప్పటికి ఇంకో సరిహద్దు గీత. ఇవతల పాల్వంచ హైదరాబాద్ రాష్ట్రంలో, అవతల భద్రాచలం తాలూకా మద్రాసు రాష్ట్రం తూర్పు గోదావరి ఏజెన్సీలో. ఒక ఒడ్డు పోలీసుకు ఇంకో ఒడ్డు పోలీసు కబురు పంపాలంటే రెండు రాష్ట్రాల కార్యాలయాలు దాటాలి. దళం మాత్రం కోయ పడవ ఎక్కి దాటేది. ఎద్రూస్ ఓడిన చోటే ఇక్కడ యూనియన్ అధికారులు కూడా కొన్నాళ్ళు తడబడ్డారు: ఆజ్ఞ ఇచ్చేవాళ్ళు ఇద్దరయ్యారు.

తర్వాత వాళ్ళు నేర్చుకున్నారు. సైనిక గవర్నర్ హయాంలోనే 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దు నియంత్రణ వచ్చింది. 1950లో కౌలు చట్టం వచ్చింది. దళం దగ్గర ఉన్న అసలు ఆయుధం భూమి అని ఢిల్లీ గుర్తించిందనడానికి ఇవే సాక్ష్యం. ఇంకో పక్క అడవిలో కోయ గూడేలను ఖాళీ చేయించి, ఇళ్ళు తగలబెట్టి, జనాన్ని రోడ్డు వెంబడి శిబిరాల్లోకి చేర్చారు. మలయాలో బ్రిటిష్ సేనాని హెరాల్డ్ బ్రిగ్స్ అడవి గెరిల్లాల మీద వాడిన ఎత్తుగడ ఇది. చేపను పట్టలేకపోతే నీళ్ళు తోడేయడం అన్నమాట. శిబిరాల్లో జబ్బులతో, ఆకలితో ఎంతమంది కోయలు పోయారో ఇటు పార్టీ లెక్కల్లోనూ, అటు సర్కారు లెక్కల్లోనూ సరిగ్గా నమోదు కాలేదు. ఈ మొత్తం యుద్ధంలో ఎక్కువ మూల్యం చెల్లించి తక్కువ పేరు దక్కించుకున్నది వాళ్ళే. వాళ్ళ కథ వాళ్ళ నోట రాయించుకోవాల్సిన బాకీ మన మీద ఇంకా ఉంది.

పై నుంచి వచ్చిన పగులు

దళాన్ని చివరికి అలగ్గొట్టింది మిలటరీ ఒక్కటే అనుకుంటే సగమే నిజం. పోలీసు చర్య అయిన నాటి నుంచే పార్టీ నాయకత్వం రెండుగా చీలింది. నిజాం పోయాడు, ఇక తుపాకీ దించాలి అని రావి నారాయణరెడ్డి లాంటివాళ్ళు. పంచిన భూమిని కాపాడుకోవాలంటే తుపాకీ ఉండాల్సిందే అని సుందరయ్య లాంటివాళ్ళు. 1948లో కలకత్తా మహాసభ నాటి నుంచి బి.టి. రణదివే పట్టణాల తిరుగుబాటు మాట చెబుతుంటే, ఆంధ్ర నాయకులు చైనా దారిలో పల్లె యుద్ధం అన్నారు. ప్రధాన కార్యదర్శులు మారారు. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే మాస్కో దాకా వెళ్ళి స్టాలిన్‌ను కలిసి వచ్చారు.

అడవిలో ఉన్న దళానికి ఈ మాటలన్నీ నెలల ఆలస్యంగా, కొరియరు చీటీల మీద ముక్కలు ముక్కలుగా చేరాయి. నిజాం కొలువులో నాలుగు తలలు అంటే ఎట్లా ఉంటుందో చూశాం. ఇక్కడ తలలు అన్ని కాకపోయినా ఒకటి మాత్రం కాదు. అయినా దళం విడిపోలేదు. పై ఆజ్ఞలో సందేహం ఉన్నా కింద ఊరితో ముడి తెగలేదు. నిజాం ఫౌజుకు అది లేదు, ఎద్రూస్ చేతిలోంచి తీగ తెగిన క్షణాన కింద పట్టుకోవడానికి ఏదీ లేదు. ఈ ఒక్క తేడా అయిదు రోజులకూ మూడేళ్ళకూ మధ్య ఉన్న దూరం.

ఖర్చు మాత్రం తక్కువ కాదు. సుందరయ్య రాసిన లెక్క ప్రకారం 4 వేల మంది కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చనిపోయారు. 10 వేల మందికి పైగా నిర్బంధ శిబిరాల్లో, జైళ్ళలో మూడు నాలుగేళ్ళు గడిపారు. ఆ లెక్క ఉన్న ఆయన పుస్తకం 1972లో వచ్చింది. రక్షణ శాఖ చరిత్ర విభాగం ప్రచురించిన ఎస్.ఎన్. ప్రసాద్ ‘ఆపరేషన్ పోలో’ కూడా అదే 1972లో వచ్చింది. ఒకదాంట్లో దండు ఏ గంటకు ఎక్కడికి చేరిందో ఉంటుంది. ఇంకోదాంట్లో ఏ ఊళ్ళో ఎవరు ఎట్లా చనిపోయారో ఉంటుంది. పక్కపక్కన పెట్టుకుని చదివితే తప్ప ఈ యుద్ధం మనకు పూర్తిగా కనిపించదు.

1951 అక్టోబర్ 21న పోరాట విరమణ ప్రకటన వచ్చింది. ఆజ్ఞ మళ్ళీ అదే దారిన, కమిటీ నుంచి ఏరియాకు, ఏరియా నుంచి దళానికి, అడవి దాటి ఊళ్ళోకి నడిచింది. అప్పటికి ఎన్నికలు తలుపు తట్టాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడ్డారు. నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఖమ్మం లోక్‌సభ స్థానంలో పీడీఎఫ్ అభ్యర్థి టి.బి. విఠల్‌రావు గెలిచాడు. ఆ ఓట్లు పడుతున్నప్పటికి ఎంతోమంది దళ సభ్యులు ఇంకా జైళ్ళలోనే ఉన్నారు. అంతకుముందే ఉరిశిక్షలు పడ్డ వాళ్ళ తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. 1953లో ఖమ్మం వరంగల్ నుంచి విడిపోయి జిల్లా అయింది. 1959లో భద్రాచలం కూడా వచ్చి అందులో కలిసింది.